జీవితమంతా కొట్టం దాటని ఆవు పాలు కొనుక్కోవడం న్యాయమేనా?

ప్రశ్న: వర్తూరు నివాసి

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరులో, వర్తూరు చెరువుకు కొంచెం ఎగువన ఉంటున్నాం. పెద్దపాప పుట్టినప్పటి నుంచి మా వెనక వీధిలోని ఒక కొట్టంలో పాలు పోయించుకుంటున్నాం. కళ్లముందే పితికి ఇస్తారు, నీళ్లు కలపరు, అందువల్ల ఇంతకాలం ఇంకేమీ ఆలోచించలేదు.

మూడు వారాల క్రితం ఒక ఉదయం యజమాని గడ్డి బండి దింపించుకోవడానికి వెళ్లడంతో, క్యాను పట్టుకుని పావుగంటసేపు కొట్టంలోనే నిలబడవలసి వచ్చింది. రేకుల కప్పు కింద పదకొండు ఆవులు రెండు వరుసల్లో గాడికి ముఖం పెట్టి ఉన్నాయి. నాకు దగ్గరగా ఉన్న నలుపు తెలుపు ఆవు మెడకు కట్టిన పలుపు రెండు మూరలకు మించదు. ఆ పలుపుతో అది పడుకోగలదు, లేవగలదు, గాడిలో తల పెట్టగలదు. తన పక్కటెముకల మీద వాలిన ఈగలను నాలుకతో అందుకోబోయి, పలుపు బిగుసుకోగానే తల వెనక్కి తెచ్చుకుంది. కాసేపటికి మళ్లీ ప్రయత్నించి మళ్లీ ఊరుకుంది. వెనక కాళ్ల కీళ్ల దగ్గర వెంట్రుకలు ఊడిపోయి నిమ్మకాయంత కాయ కట్టి ఉంది. ముందు గిట్టలు ఆనే చోట సిమెంటు నేల అరిగి, నున్నగా రెండు గుంటలు పడ్డాయి.

ఆ ఆవు బయటికి వెళ్లి ఎన్నాళ్లయిందని యజమాని తిరిగి వచ్చాక అడిగాను. చూడిపెయ్యగా వచ్చినప్పటి నుంచి నాలుగేళ్లు, గడప దాటలేదని చెప్పాడు. అది దాచుకోవలసిన విషయమన్న ఆలోచన ఆయనకు లేదు. ఆయన క్రూరుడు కాడని కూడా ఇక్కడే చెప్పాలి. ప్రతి ఆవుకూ పేరు ఉంది, ఎండాకాలంలో ఫ్యాన్లు తిరుగుతాయి, తెల్లవారుజామునే పేడ తీసి కడుగుతాడు, వేళకు మేత వేస్తాడు, ఏ ఆవునూ కొట్టగా నేను చూడలేదు.

నన్ను వేధిస్తున్న ప్రశ్న సరిగ్గా అక్కడే ఉంది. కడుపునిండా మేత, నీడ, వైద్యం అన్నీ అమరినప్పుడు, ఒక ప్రాణి తన జీవితమంతా ఒకేచోట నిలబడి గడపడం దానికి జరిగిన అన్యాయమవుతుందా? మా అమ్మమ్మగారి ఆవు పొద్దున్నే మందతో వెళ్లి సాయంకాలం ఇల్లు చేరేది. అయితే ఆ రోజులను నేను స్వర్గంగా చెప్పబోవడం లేదు; ఆ ఆవు పూటకు లీటరు పాలు ఇచ్చేది, ఏప్రిల్, మే నెలల్లో దాని ఎముకలు లెక్కపెట్టగలిగేవాళ్లం. ప్యాకెట్ పాలకు మారితే ఈ దృశ్యం నా కంటికి కనపడదు, అంతకు మించి ఏమీ మారదని తెలుసు. ఆవులను పెంచేవాళ్లు, వాటికి వైద్యం చేసేవాళ్లు, ఈ విషయాన్ని లోతుగా ఆలోచించినవాళ్లు నాకు తోవ చూపించమని కోరుతున్నాను.

సమాధానం: చింతామణి పాడిరైతు

అమ్మా, నమస్కారం. నాకు ఆరు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాడిజాతి) సంకరజాతి ఆవులున్నాయి. ఆరూ కట్టివేసే ఉంటాయి. కాబట్టి మీరు అడిగినది నన్ను అడిగినట్టే తీసుకుని జవాబు రాస్తున్నాను.

మా తాతగారి కాలంలో మా ఊరికి గోమాళం, అంటే ఊరుమ్మడి పశువుల బీడు, ఉండేది. నూరు పశువులకు పన్నెండు హెక్టార్ల చొప్పున, అంటే దాదాపు ముప్పై ఎకరాలు, ఊరి గోమాళంగా ఉంచాలని కర్ణాటక భూ రెవెన్యూ నియమాలు చెబుతాయి. ఇప్పుడు మా గోమాళంలో ఒక మూల బడి, ఒక మూల ఇళ్ల స్థలాలు, మిగిలినది నీలగిరి తోట. నీలగిరి చెట్ల కింద గడ్డి మొలవదు. నాకున్నది ఎకరంన్నర పొలం. అందులో అర ఎకరం నేపియర్ గడ్డి, దానికి వెయ్యి అడుగుల లోతు బోరు నీళ్లు. ఆ గడ్డిని కోసి గాడిలో వేస్తే ఆరింటికీ సరిపోతుంది. ఆవులను అందులోకి వదిలితే తిన్నది కొంత, తొక్కినది అంతకు రెట్టింపు, నాలుగు రోజుల్లో మడి నేలమట్టమవుతుంది.

ఇక ఆవు సంగతి. ఇవి మన నాటు హళ్లికార్ ఆవులు కావు. పూటకు ఏడెనిమిది లీటర్లు ఇచ్చే ఆవును మిట్టమధ్యాహ్నం రెండు మైళ్లు నడిపిస్తే నాలుక బయటపెట్టి రొప్పుతుంది. బీడులో పిడుదులు పట్టి థైలీరియా జ్వరం వస్తే నాలుగు రోజుల్లో ఆవు చేతికి దక్కకపోవచ్చు. నాకు ఒక ఆవు అలాగే పోయింది. మేపే మనిషి కూడా లేడు. మా ఊళ్లో గొడ్లు కాచే వయసు పిల్లలు బడిలో ఉన్నారు, అది మంచిదే. పెద్దవాళ్లు మీ ఊళ్లోనే కట్టడాల పనిలో ఉన్నారు.

పాలసొసైటీలో యంత్రం చూసేది వెన్నశాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) మాత్రమే. మూడున్నర, ఎనిమిదిన్నర ఉంటే ధర పడుతుంది, ప్రభుత్వం లీటరుకు ఇచ్చే ప్రోత్సాహకం దానిమీద వస్తుంది. ఆవు ఈరోజు నాలుగు అడుగులు నడిచిందా లేదా అన్నదానికి అక్కడ రూపాయి కూడా లేదు. నగరం చౌకగా పాలు కావాలని అడుగుతుంది, నా భూమి ఇంటి స్థలంగా కావాలని అడుగుతుంది, తర్వాత ఆవు ఎందుకు కట్టివేసి ఉందని అడుగుతుంది. ఈ మూడింటినీ కలిపి చూడకుండా పలుపు పట్టుకున్న చేతినే చూడడం న్యాయం కాదని నా మనవి.

సమాధానం: పశువైద్యురాలు, హెబ్బాళ

పదిహేడేళ్లుగా బెంగళూరు గ్రామీణ, కోలారు, చిక్కబళ్లాపుర ప్రాంతాల కొట్టాల్లో పనిచేస్తున్నాను. పై ఇద్దరూ చెప్పినవి నేను రోజూ చూసేవే. అయితే ఈ చర్చలో రెండు విషయాలు కలిసిపోయాయి. కప్పు కింద ఉండడం ఒకటి, మెడకు పలుపుతో కట్టివేసి ఉండడం మరొకటి. ఆవుకు మొదటిదాని వల్ల జరిగే నష్టం కంటే రెండోదానివల్ల జరిగేది చాలా ఎక్కువ.

ఆవు రోజుకు పది నుంచి పధ్నాలుగు గంటలు పడుకోవాలనుకుంటుంది. నెమరువేయడంలో ఎక్కువ భాగం అప్పుడే జరుగుతుంది. ఆవు లేచే తీరును ఎప్పుడైనా గమనించండి. మోకాళ్ల మీద ఆనుకుని, తలను బాగా ముందుకు చాపి, ఆ ఊపుతో వెనక భాగాన్ని పైకెత్తుతుంది. ముందు గాడి గోడ, మెడలో కురచ పలుపు ఉన్నప్పుడు ఆ ఊపు దొరకదు. లేవడం కష్టమని తెలిసిన ఆవు పడుకోవడానికే వెనకాడుతుంది, పడుకున్నప్పుడు గట్టి సిమెంటుకు కీళ్లు రాసుకుంటాయి. వర్తూరు నుంచి రాసినవారు చూసిన నిమ్మకాయంత వాపు అలా వచ్చినదే. గిట్టలు కూడా నడకలో అరగవలసినవి అరగక ముందుకు సాగిపోతాయి, అప్పుడు బరువంతా మడమ మీద పడి కుంటు మొదలవుతుంది. రబ్బరు మ్యాట్ వేస్తే కీళ్లకు ఊరట ఉంటుంది. నడకకు అది బదులు కాదు.

విప్పి వదలడం అంటే ఊరిమీదికి తోలడం కాదు. మన పశుపోషణ పాఠాల్లో ఎప్పటినుంచో ఉన్న లెక్క ఒకటుంది: ఆవుకు కప్పు కింద 3.5 చదరపు మీటర్లు, దానిని ఆనుకుని ఆరుబయట 7 చదరపు మీటర్లు, చుట్టూ కంచె, ఒక చెట్టు, ఎప్పుడూ నీళ్లుండే తొట్టి. పది ఆవులకు 105 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,130 చదరపు అడుగులు. బెంగళూరులో మనం ముప్పై నలభై సైటు అని పిలుస్తామే, ఆ 1,200 చదరపు అడుగుల స్థలంలో పది ఆవులు పలుపు లేకుండా బతకగలవు. చింతామణి రైతుగారి ఆరు ఆవులకు అందులో సగం కంటే కొంచెం ఎక్కువ చాలు. పితికేటప్పుడు, మేత వేసేటప్పుడు మాత్రం కట్టుకోవచ్చు.

దీనివల్ల రైతుకు వచ్చే లాభం కూడా ఉంది, అది చెప్పకపోతే నా మాట నీతిబోధగా మిగిలిపోతుంది. కట్టివేసిన ఆవు ఎదకు వచ్చినా సరిగా కనపడదు. విప్పి ఉంచిన మందలో ఒక ఆవు మరొకదాని మీదికి ఎక్కడం, ఎక్కించుకుని కదలకుండా నిలబడడం ఎవరికైనా కనపడుతుంది. ఒక ఎద తప్పిపోతే మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి, ఆ మేత ఖర్చంతా నష్టమే. నీళ్ల విషయమూ అంతే. పాలిచ్చే ఆవు తనకు దాహం వేసినప్పుడు తాగితే తాగేంత, మనం రెండు మూడు పూటలు కుడితి పెట్టినప్పుడు తాగలేదు.

పచ్చిక గురించి ఒక మాట. బయట అంతా మేలేనని అనుకోవద్దు. పిడుదులు, గాలికుంటు, చెరువు గట్టున తినే ప్లాస్టిక్ సంచులు, మురుగునీటి గడ్డి, ఇవన్నీ నిజమైన ప్రమాదాలు. ఒక ఆవు పెద్దకడుపు కోసినప్పుడు నా రెండు చేతుల్లో పట్టనంత ప్లాస్టిక్ ముద్ద బయటికి తీశాను. వర్తూరు వీధుల్లో తిరిగే ఆవు, కొట్టంలో కట్టివేసిన ఆవుకంటే సుఖంగా ఉందని నేను చెప్పలేను.

సమాధానం: తత్వశాస్త్ర అధ్యాపకుడు, జయనగర

డాక్టరుగారు దేహం గురించి చెప్పవలసినది చెప్పారు. మొదటి ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది. కీళ్లకు వాపు లేకుండా, కుంటు లేకుండా, మెత్తని పరుపు మీద ఒక ఆవును జీవితాంతం కట్టి ఉంచగలిగామనుకుందాం. అప్పుడు అందులో తప్పుందా?

ఉందని నా నమ్మకం. ఒక ప్రాణికి చేసే హాని నొప్పితోనే ముగియదు. దాని స్వభావం కోరే పనిని దానికి దొరకకుండా చేయడమూ హానియే. ఆవుకు నిజంగా బయటికి వెళ్లాలని ఉంటుందా, లేక మన కోరికను దానికి అంటగడుతున్నామా అని అడిగేవారికి చూపించడానికి ఒక ప్రయోగం ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన పరిశీలనలో, కొట్టంలో ఉండే పాడి ఆవులు ఒక తలుపును నెట్టుకుంటే పచ్చిక మైదానంలోకి వెళ్లవచ్చు. ఆ తలుపుకు బరువును రోజురోజుకూ పెంచుతూ పోయారు. మరో సందర్భంలో అదే తలుపు అవతల అప్పుడే వేసిన తాజా మేత పెట్టారు. మేత కోసం ఎంత బరువు నెట్టాయో, పచ్చిక కోసమూ ఆవులు అంతే బరువు నెట్టాయి. బయటికి వెళ్లాలన్న కోరిక ఆకలితో సమానంగా పనిచేసిందంటే, దానిని విలాసమని కొట్టివేయలేము. అదే బృందం అంతకుముందు చేసిన పరిశీలనల్లో, ఇష్టం ఉన్నచోటికి వెళ్లనిస్తే, ఎండాకాలపు పగళ్లు ఆవులు నీడ కోసం కొట్టంలోనే ఉండి, రాత్రిళ్లు పచ్చికకు వెళ్లాయి. చింతామణి రైతుగారు ఎండ గురించి చెప్పినది నిజమేనని, అయినా రాత్రి ఉందని దీనివల్ల తెలుస్తుంది.

బయట ఏముందో ఎరుగని ఆవుకు లోటు తెలియదు గదా అన్న వాదన కూడా వింటాం. చాలాకాలం కట్టి ఉంచిన పశువును విప్పితే మామూలు పశువుకంటే ఎక్కువగా గెంతుతుంది, పరుగెత్తుతుంది. లోపల ఏమీ పేరుకోకపోతే ఆ గెంతు ఎక్కడి నుంచి వస్తుంది?

చట్టం మనకు కొత్తగా రావలసిన అవసరం లేదు. 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం పదకొండో సెక్షను, జంతువును అసమంజసమైన కాలంపాటు, అసమంజసంగా కురచైన గొలుసుతో గాని తాడుతో గాని కట్టి ఉంచడం క్రూరత్వమేనని స్పష్టంగా చెబుతుంది. మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకెలు దశాబ్దాల క్రితం రాసినవే. స్వీడన్ 1988లో తెచ్చిన చట్టం వేసవిలో పాడి ఆవులను మేతకు వదలడాన్ని తప్పనిసరి చేసింది. స్విట్జర్లాండులో కట్టివేసి పెంచే ఆవును ఏడాదికి కనీసం 90 రోజులు బయటికి వదలాలి. అక్కడ ఆ బరువును రైతు ఒక్కడే మోయడు, ప్రభుత్వ ధనం తోడు ఉంటుంది. మన దగ్గర అదే నియమాన్ని రేపు ఉదయం చింతామణిలో అమలు చేస్తే ఆరు ఆవుల రైతు మూతపడతాడు, మూడువందల ఆవుల డెయిరీ మిగులుతుంది. కాబట్టి తప్పు ఉందనడం, ఆ తప్పు రైతుదేననడం రెండు వేర్వేరు మాటలు.

మన సంప్రదాయంలో ఆవుకు పూజ ఉంది గనుక ఈ విషయం మనకు కొత్తగా నేర్పాలా అని కొందరికి కోపం రావచ్చు. కనుమనాడు కొమ్ములకు రంగులు వేసి, మెడలో దండ వేసి, పలుపు విప్పి వీధిలో నడిపిస్తాం. ఆ ఒక్క రోజు విప్పడం పండుగలో భాగమైందంటే, విప్పడం ఆవుకు ఇష్టమని మన పెద్దలకు తెలుసుననే అర్థం. నేను అడిగేది మిగిలిన రోజుల గురించి.

పాలు కొనేవారి బాధ్యత ఉందనే నేను అనుకుంటాను. కొనడం మానేయడం ఒక దారి, అది నేను ఎంచుకున్నాను. నాలుగేళ్లుగా మా ఇంట్లో పాలు లేవు. అందరూ అదే చేయాలని చెప్పను.

ప్రశ్న అడిగినవారి స్పందన: వర్తూరు నివాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. చింతామణి అన్నగారు రాసినది చదివాక, నేను రాసిన ప్రశ్నలో నా పాల ధర ప్రస్తావనే లేదని గమనించాను. అది నా లోపం.

మొన్న ఆదివారం కొట్టం యజమానితో కూర్చుని మాట్లాడాను. ముప్పై నలభై లెక్క చెప్పగానే ఆయన నవ్వకుండా విన్నాడు. కొట్టం పక్కనే ఒక ఖాళీ సైటు ఉంది, ముళ్లకంపలు, కట్టడాల చెత్తతో నిండిపోయింది. స్థలం యజమాని విదేశంలో ఉన్నాడు, ఆయన బావమరిదితో మాట్లాడుతున్నాం. ఆవులు నిలిస్తే తర్వాత ఖాళీ చేయరేమోనని ఆ బావమరిది భయం. రాతపూర్వకంగా ఒప్పందం రాసుకుందామన్నాం, ఇంకా తేలలేదు. ఆ కొట్టంలో పాలు పోయించుకునే మా వీధివాళ్లలో తొమ్మిది ఇళ్లవాళ్లు లీటరుకు ఆరు రూపాయలు అదనంగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నలుగురు ఒప్పుకోలేదు, వారిలో ఇద్దరికి నిజంగానే భారమవుతుంది, అడగడమే తప్పయిందేమో అనిపించింది. ఈలోగా కొట్టం యజమాని పలుపులను మూర పొడవు పెంచాడు. నలుపు తెలుపు ఆవు ఇప్పుడు తన పక్కను నాకగలుగుతోంది.

అధ్యాపకులవారు పాలు మానేశారు. నేను మానేస్తే నా క్యాను స్థానంలో ఇంకొకరి క్యాను వస్తుంది, కొట్టం యజమానితో కూర్చుని మాట్లాడే చనువు మాత్రం పోతుంది. అందుకే ప్రస్తుతానికి మానేయకూడదని నిర్ణయించుకున్నాను.

సమాధానం: చింతామణి పాడిరైతు

డాక్టరమ్మగారి ఎద లెక్క నన్ను ఆలోచింపజేసింది. పోయిన ఏడాది నాకు ఒకే ఆవుకు మూడు ఎదలు తప్పాయి. ఇంటి వెనక కల్లం దొడ్డి ఖాళీగానే ఉంటుంది గనుక, వట్టిపోయిన ఆవునొకదాన్ని నాలుగు రోజుల క్రితం అక్కడ విప్పి వదిలాను. అది గెంతలేదు. కొట్టం గడప దగ్గర నిలబడి, ఒక కాలు మట్టిమీద పెట్టి, వెనక్కి తీసుకుంది. సిమెంటు తప్ప వేరే నేల దాని గిట్టకు తెలియదు గదా. సుమారు గంట తర్వాత దిగింది, కంచె వెంబడి చుట్టూ వాసన చూసుకుంటూ తిరిగింది, చింతచెట్టు మొదలుకు మెడ రుద్దుకుని రుద్దుకుని బెరడు రాలగొట్టింది. సాయంత్రం లోపలికి తోలడానికి నేనూ మా ఆవిడా ఇద్దరం కావలసి వచ్చింది.

ఒక సందేహం. ఇప్పుడు నేల ఎండి ఉంది. వాన పడితే ఆ దొడ్డి అడుసవుతుంది. పాలిచ్చే ఆవు అందులో పడుకుంటే పొదుగువాపు రాదా?

సమాధానం: పశువైద్యురాలు, హెబ్బాళ

తప్పకుండా వస్తుంది, అందువల్ల వానలకు ముందే పని మొదలుపెట్టండి. కొట్టం వైపు ఎత్తు, కంచె వైపు పల్లం ఉండేలా నేలను వాలు చేయించండి. గడప ముందు, నీళ్లతొట్టి చుట్టూ ఎక్కువ తొక్కిడి పడుతుంది, అక్కడ మాత్రం మొరం వేసి దిమ్మిస కొట్టించండి. ఆవులు పడుకోవడానికి ఒక మూల ఇసుక దిబ్బలా పోసి, పైన తడిసినదాన్ని అప్పుడప్పుడు తీసివేస్తూ ఉండండి. కుండపోత రోజుల్లో లోపలే ఉంచండి, లోపలే ఉన్నా పలుపు విప్పి ఉంచవచ్చు. పాలు పితికిన వెంటనే బయటికి వదలకండి. చనుమొనల రంధ్రాలు మూసుకోవడానికి అరగంట పడుతుంది, ఆ అరగంట గాడిలో మేత వేస్తే ఆవు తనంతట తాను నిలబడే ఉంటుంది. పిడుదుల కోసం కంచె మూలల్లోని పాత చెత్తను ముందుగా కాల్చివేయించండి. వచ్చే నెల మీ వైపు వస్తున్నాను, దొడ్డి చూసి వాలు ఎటు పెట్టాలో చెబుతాను.